ఎకో రిపోర్టులో ఉండేది మార్కుల శాతం కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే ఆరోగ్యం పేజీ నేను తప్పకుండా చదువుతాను. గుండెపోటు లక్షణాలు, కొలెస్ట్రాల్, స్టెంట్లు, పొద్దున్నే నడక, అన్నీ రాస్తున్నారు, మంచిదే. కానీ గుండె జబ్బు ఉన్న ఇంట్లో అందరూ తలుచుకుని తలుచుకుని బెంగపడే ఒక అంకె ఉంది, దాని గురించి మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసింది నాకు ఎక్కడా కనపడలేదు. అదే 2డీ ఎకో, అంటే గుండెకు తీసే స్కానింగ్ రిపోర్టులో ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) అని ఉండేది, గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పంపుతోందో చెప్పే శాతం. నేను ఒంగోలులో ఎకో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, రోజూ ఆ అంకె కొలిచే పని నాది. దాన్ని జనం ఎలా చదువుకుంటున్నారో, చదువుకుని ఏం చేస్తున్నారో చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గా ఉంటుంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ఈఎఫ్ 55 అని వస్తే మనవాళ్లు చేసే మొదటి పని వందలోంచి తీసేయడం. "అంటే నలభై అయిదు శాతం గుండె పాడైపోయినట్టేనా అమ్మా?" అని అడుగుతారు. చదువు లేనివాళ్లే అడుగుతారని అనుకోవద్దు. రిపోర్టు ఫొటో తీసి హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో, డాలస్‌లో ఉన్న కూతురికో వాట్సాప్‌లో పెడతారు, అక్కణ్నుంచి ఫోన్ వస్తుంది, "నాన్నకి అరవైయ్యే వచ్చిందేంటి, ఇంకా పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లండి" అని. ఆ నాన్న గుండె నిక్షేపంలా ఉంటుంది. అరవై అంటే బ్రహ్మాండమైన గుండె. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. డాక్టరుగారు "నార్మలే" అని ఒక్క ముక్క చెప్పి ఉంటారు, అయినా నమ్మరు, ధైర్యం కోసం అలా అన్నారనుకుంటారు. ఎందుకంటే స్కూలు రోజుల నుంచీ మనకు శాతం అంటే వందకు ఎన్ని మార్కులన్నదే అలవాటు.

ఇది మార్కుల శాతం కాదు. గుండెలో కిందివైపు ఎడమ గది ఉంటుంది, ఒళ్లంతటికీ రక్తాన్ని తోసేది అదే. పెద్దవాళ్లలో ఆ గది పూర్తిగా నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం పడుతుందనుకోండి. గుండె ఒకసారి కొట్టుకుంటే అందులోంచి ఓ 70 మిల్లీలీటర్లు బయటికి వెళ్తుంది, 50 లోపలే ఉండిపోతుంది. 120లో 70 అంటే 58 శాతం. అదే ఈఎఫ్. లోపల మిగిలిన ఆ 50 పాడైన గుండెకు గుర్తు కాదు, ఆరోగ్యంగా ఉన్న ప్రతి గుండెలోనూ మిగలాల్సిందే. పరుగెత్తినప్పుడో, మేడ మెట్లెక్కినప్పుడో గుండె ఇంకాస్త గట్టిగా పిండుకుని ఎక్కువ పంపేది ఆ నిల్వలోంచే. వంద శాతం ఈఎఫ్ ఉన్న మనిషి ఈ భూమ్మీద లేడు, ఉండడు. మామూలుగా 55 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టే, 52, 53 వచ్చినా చాలామందికి అది నార్మలే. ఆడవాళ్లకు మగవాళ్లకంటే ఒకటి రెండు ఎక్కువ ఉండటం మామూలు. 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు అయిదు లీటర్లు. మీరు ఈ ఉత్తరం చదువుతూ కుర్చీలో ఊరికే కూర్చున్నా సరే, మీ గుండె ప్రతి నిమిషం అంత పని చేస్తోంది.

ఇక ఆ అంకె ఎలా వస్తుందో చెప్పాలి, ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఎడమపక్కకు తిప్పి పడుకోబెడతాం, ఎడమ చెయ్యి తలకింద పెట్టుకోమంటాం, అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది. జెల్లు రాసి పక్కటెముకల సందులో ప్రోబ్ అనే చేతి పరికరం పెడితే శబ్ద తరంగాలు లోపలికి వెళ్లి తిరిగొస్తాయి, తెరమీద గుండె కదులుతూ కనపడుతుంది. ఈ పద్ధతి 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైంది. ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు, హెల్‌ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త ఓడలు తయారుచేసే యార్డులో లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రాన్ని తెచ్చి గుండెను చూశారు. నా చేతిలో ఉన్న ప్రోబ్ అక్కణ్నుంచి వచ్చిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సరే, అసలు సంగతికొస్తాను. "ఊపిరి వదిలి అలాగే ఆపండి" అంటాం. గది బాగా ఉబ్బినప్పుడు ఒక బొమ్మ, బాగా ముడుచుకున్నప్పుడు ఒక బొమ్మ ఆపి, బంతిలాంటి మీటను వేలితో తిప్పుతూ గది లోపలి గోడ వెంబడి గీత గీస్తాం. ఒక కోణంలో అయ్యాక ప్రోబ్ తిప్పి రెండో కోణంలో మళ్లీ అదే పని. మిషన్ ఆ గీతల్ని బట్టి గది ఎంత పట్టిందో, ఎంత ఖాళీ అయిందో లెక్కగట్టి శాతం చూపిస్తుంది. డాక్టరుగారు చూసుకుని సంతకం పెడతారు. రద్దీ ఎక్కువగా ఉన్నచోట గీతలు గీయకుండా అనుభవం ఉన్న డాక్టరు కంటితోనే చూసి "నలభై అయిదు" అని రాయడం కూడా మామూలే, అనుభవజ్ఞుల అంచనా చాలాసార్లు గీతల లెక్కకు దగ్గరగానే ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. గోడ ఎక్కడుందో చూసి గీసేది మనిషి. లావుగా ఉన్నవాళ్లలో, ఏళ్ల తరబడి చుట్టో సిగరెట్టో కాల్చి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లలో ఆ గోడ మసకమసగ్గా కనపడుతుంది. గీత ఒక నూలు అటూ ఇటూ అయితే అంకె మారుతుంది. ఒకే మనిషికి ఒకేరోజు ఇద్దరు కొలిస్తే అయిదు పాయింట్లు తేడా రావడం వింత కాదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వస్తుంది. బీపీ పెరిగి ఉన్న రోజు, గుండె వేగంగా కొట్టుకుంటున్న రోజు, జ్వరం వచ్చిన రోజు అంకె వేరుగా వస్తుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకైతే ఒక్కో దెబ్బకు ఒక్కో ఈఎఫ్, నాలుగైదు దెబ్బలు కొలిచి సగటు తీయాలి. అందుకే పోయినేడాది 55, ఈ ఏడాది 51 అని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కుమిలిపోకండి. ఆ నాలుగు పాయింట్లు గుండెలో తగ్గినవి కాకపోవచ్చు, కొలతలోనే వచ్చిన తేడా కావచ్చు. మూడుచోట్ల మూడు ఎకోలు తీయించుకుని ఏది నిజమని తల పట్టుకునేవాళ్లు మా దగ్గరకు వస్తూనే ఉంటారు. డబ్బు దండగ. వీలైతే ప్రతిసారీ ఒకేచోట తీయించుకోండి, పాత రిపోర్టు తప్పకుండా వెంట తెచ్చుకోండి. పాత రిపోర్టు కళ్లముందు ఉంటే పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ తేడా మేమూ పట్టి చూస్తాం.

తేడా పది దాటితే మాత్రం అది నిజంగా ఆలోచించాల్సిన సంగతి.

డాక్టర్లు దీన్ని మూడు భాగాలుగా చూస్తారు. 50, ఆపైన ఉంటే పంపింగ్ తగ్గనట్టు. 41 నుంచి 49 వరకు కొద్దిగా తగ్గినట్టు. 40, అంతకంటే తక్కువైతే పంపింగ్ బాగా తగ్గినట్టు, మందులు గట్టిగా వాడాలి. 35కి దిగి, మూడు నెలలు మందులు సరిగ్గా వాడినా పైకి రాకపోతే గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఛాతీలో చిన్న పరికరం పెట్టడం గురించి మాట్లాడతారు. గుండెపోటు వచ్చిన వారానికే ఈఎఫ్ 30 వచ్చిందని పరికరం కోసం పరుగెత్తక్కర్లేదు, దెబ్బతిన్న కండరంలో కొంత మొద్దుబారి ఊరుకున్నది ఉంటుంది, అది కొన్ని వారాల్లో తేరుకుంటుంది. అందుకే కనీసం నలభై రోజులు ఆగి మళ్లీ ఎకో చూడమంటారు.

అంకె బాగుంది కదా అని నిశ్చింతగా కూర్చునేవాళ్ల గురించి నాకు ఇంకా ఎక్కువ దిగులు. కొన్ని లెక్కలు చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఒకాయన గుండె సాగిపోయి ఎడమ గదిలో 240 మిల్లీలీటర్లు పడుతోంది, దెబ్బకు 60 పంపుతోంది. ఈఎఫ్ 25. ఇంకొకావిడకు ఏళ్ల తరబడి బీపీ, షుగరు, గుండె గోడ మందమై బిరుసెక్కింది, గది 65 మిల్లీలీటర్లకు మించి నిండదు, అందులో 42 పంపుతోంది. ఈఎఫ్ 65. కాగితం మీద ఆయన ఫెయిలు, ఆవిడ ఫస్ట్ క్లాసు. కానీ ప్రతి దెబ్బకు ఒంటికి తక్కువ రక్తం అందుతున్నది ఆవిడకే. ఆవిడకు నాలుగు బిందెలు నీళ్లు మోస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. రిపోర్టులో నార్మల్ అని ఉంది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. "గ్యాసు", "ఒళ్లు తగ్గించుకో", "వయసు మీద పడింది", "రక్తం తక్కువ" అని తలా ఒకటి అంటారు. ఆవిడ కూడా అదే నమ్మి ఇంకో దిండు వేసుకుని పడుకుంటుంది. ఈఎఫ్ బాగుండి కూడా గుండె నీరసించడం (హార్ట్ ఫెయిల్యూర్) ఇదే, గుండె నీరసించిన ప్రతి ఇద్దరిలో దాదాపు ఒకరిది ఇలాంటిదే, అందులో పెద్దవయసు ఆడవాళ్లు ఎక్కువ. దీన్ని పట్టుకోవడానికి ఈఎఫ్ ఒక్కటే చాలదు, గది ఎలా నిండుతోందో చూడాలి, ఎడమ పైగది ఎంత ఉబ్బిందో చూడాలి, అవసరమైతే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేయించాలి. కాబట్టి అమ్మకు ఆయాసం ఉంటే "ఎకో నార్మల్" అన్న కాగితం చూసి ఊరుకోకండి. రాత్రి పడుకున్న గంటా రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చుంటోందా, దిండ్లు పెరిగాయా, బట్టలుతికే దగ్గర మధ్యలో ఆగుతోందా, ఇవి డాక్టరుకు చెప్పండి. మన ఇళ్లలో ఆడవాళ్లు తమంతట తాము చెప్పరు, అడిగి తెలుసుకోవాల్సిందే.

అలాగని రిపోర్టులో "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్" అని కనపడగానే బెంబేలెత్తొద్దు. అరవై దాటిన చాలామందికి అది ఉంటుంది. జుట్టు నెరిసినట్టు గుండె గోడ కూడా వయసుతో కాస్త బిరుసెక్కుతుంది, అంతే. ఆయాసం లేకపోతే బీపీ, షుగరు అదుపులో పెట్టుకుంటే చాలు.

ఇంకో సందర్భం. ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉన్న కవాటం సరిగ్గా మూసుకోకపోతే గుండె పిండుకున్నప్పుడు కొంత రక్తం ముందుకు పోకుండా వెనక్కి పైగదిలోకి తన్నుతుంది. కానీ ఈఎఫ్ లెక్కలో వెనక్కి పోయిన రక్తం కూడా బయటికి పోయినట్టే పడుతుంది. అందుకే ఆ జబ్బు ముదిరినవాళ్లలో 60 అంటే బాగున్నట్టు కాదు, ఈఎఫ్ 60కి దిగిందంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలని డాక్టర్ల మార్గదర్శకాలే చెప్తున్నాయి. పక్కింటాయనకు 60 ఉంటే మంచిదన్నారు, నాకు 60 ఉంటే ఆపరేషన్ అంటున్నారు, డబ్బు కోసమే అని తగాదా పడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. రిపోర్టులో కవాటాల గురించి రాసిన లైన్లు కూడా చదివించుకోండి.

2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ చనిపోయినప్పుడు, తర్వాత 2023లో మన నందమూరి తారకరత్న పోయినప్పుడు, ముప్ఫై నలభై ఏళ్ల కుర్రాళ్లు ఎకో తీయించుకోవడానికి వరస కట్టారు. ఈఎఫ్ 62 అని చూసుకుని "ఇంక నాకు హార్ట్ ఎటాక్ రాదు" అని సంతోషంగా వెళ్లారు. ఆ మాట నిజం కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఎకోలో కనపడేది గుండె కండరం, గదులు, కవాటాలు. గుండెకు రక్తం తెచ్చే సన్నటి నాళాల్లో బ్లాకులు మామూలు ఎకోలో కనపడవు. డెబ్భై శాతం బ్లాకు ఉన్న మనిషికి కూడా విశ్రాంతిగా పడుకున్నప్పుడు ఈఎఫ్ 60 రావచ్చు. నడిస్తే ఛాతీలో బిగుతు, ఎడమచేతికో దవడకో లాగడం, చెమటలు ఉంటే ఎకో బాగుందన్న ధైర్యంతో ఇంట్లో కూర్చోకూడదు.

ఇక నన్ను అన్నింటికంటే బాధపెట్టే విషయం, మాత్రలు మానేయడం. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఈఎఫ్ 28తో వస్తారు, నాలుగడుగులు వేస్తే ఆగాలి. మందులు మొదలవుతాయి, మూడు నెలలు, ఆరు నెలలు క్రమంగా వాడతారు. మళ్లీ ఎకోకి వస్తే 45, ఒక్కోసారి 50. తెరమీద గోడలు కదులుతుంటే నాకే కళ్లు చెమరుస్తాయి, అంత సంతోషం. "గుండె బాగైంది" అని ఇంట్లో వేడుక. ఆ తర్వాత నెమ్మదిగా మాత్రలు తగ్గుతాయి. "బాగైంది కదా, ఇన్ని మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి" అని ఎవరో అంటారు, లేదా చేతిలో డబ్బులాడక ముందు ఖరీదైనది ఆపుతారు. ఏడాది తిరక్కుండా అదే మనిషి చక్రాల కుర్చీలో వస్తారు, ఈఎఫ్ 25. అప్పుడు అవే మందులు మళ్లీ మొదలుపెట్టినా ప్రతిసారీ ఆ 50 తిరిగి రాదు. లండన్‌లో ఇలా గుండె సాగిపోయి మందులతో కోలుకున్న 51 మంది మీద ఒక అధ్యయనం చేశారు, 2018 చివర్లో ఫలితాలు బయటికొచ్చాయి. డాక్టర్ల పర్యవేక్షణలో జాగ్రత్తగా మందులు తగ్గించుకుంటూ ఆపితే, ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. పర్యవేక్షణ ఉన్నచోటే అలా ఉంటే, ఎవరికీ చెప్పకుండా ఇంట్లో మానేసేవాళ్ల సంగతి చూసుకోండి. ఈఎఫ్ పెరిగిందంటే మందులు పనిచేస్తున్నాయని, అవి ఇంక అక్కర్లేదని కాదు.

ఆ మందులేమిటో కూడా పేర్లతో చెప్పాలి, పేరు తెలిస్తే జనం గుర్తుపెట్టుకుంటారు. ఈఎఫ్ తగ్గినవాళ్లకు ముఖ్యంగా నాలుగు రకాలు. సాకుబిట్రిల్ వల్సార్టన్, అది పడనివాళ్లకు రామిప్రిల్ లాంటివి. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బిసోప్రొలాల్‌లలో ఒకటి. స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్. నాలుగోది డపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. ఈ చివరిది షుగరు మాత్ర. "నాకు షుగరే లేదు, షుగరు మాత్ర ఎందుకు రాశారు" అని మందుల షాపు దగ్గరే తీసేయించుకునేవాళ్లున్నారు. షుగరు లేకపోయినా ఇది గుండెకు మేలు చేస్తుందని 2019 నుంచీ పెద్ద పెద్ద పరీక్షల్లో తేలింది, ఈఎఫ్ బాగుండి ఆయాసపడేవాళ్లకు కూడా ఉపయోగపడుతోంది. డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లోనే ముగిసింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో ముగిసింది, చాలా కంపెనీలు తయారుచేయడంతో ధరలు బాగా దిగాయి. ఖర్చు భరించలేకపోతే ఆపేయకుండా ఆ మాటే డాక్టరుకు చెప్పండి, అదే మందు తక్కువ ధరలో రాసిస్తారు, జన ఔషధి షాపుల్లో అడగండి. మొదట చిన్న డోసుతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పెంచుతారు, మధ్యలో కళ్లు తిరిగినట్టుంటే బీపీ చూపించుకోవాలి గానీ మొత్తం మానేయకూడదు.

మోకాళ్ల నొప్పుల బిళ్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొలం పనులు చేసినవాళ్లకు మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి లేకుండా ఉండవు. మెడికల్ షాపుకెళ్లి "నొప్పుల బిళ్లలు రెండు ఇవ్వు" అంటే డైక్లోఫెనాకో, ఇబుప్రోఫెనో, ఎసిక్లోఫెనాకో ఇస్తారు. పంపింగ్ తగ్గిన గుండెకు ఇవి చెరుపు చేస్తాయి, ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. వారం రోజులు వాడిన మనిషి కాళ్లు ఉబ్బి, ఊపిరందక ఎమర్జెన్సీకి వస్తారు. ఏం తిన్నావు, ఏం వాడావు అని అడిగితే నొప్పుల బిళ్లలు అసలు మందులే కావన్నట్టు ఎవరూ చెప్పరు. నొప్పికి ఏం వాడొచ్చో గుండె డాక్టరునే అడగండి. మందుల షాపుల వాళ్లకు కూడా నా మనవి, పెద్దవయసు వాళ్లు నొప్పి బిళ్లలడిగితే "గుండె మందులు ఏమన్నా వాడుతున్నారా" అని ఒక్క ప్రశ్న వేయండి.

ఉప్పు గురించి మీరు చాలాసార్లు రాశారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు అయిదు గ్రాములు దాటొద్దంటోంది, అంటే సుమారు ఒక టీస్పూను, కూరలో వేసింది, పచ్చట్లో ఉన్నది, అప్పడంలో ఉన్నది అంతా కలిపి. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండుచేప ఉన్న కంచంలో ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. గుండె నీరసించినవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కానీ ఒక హెచ్చరిక మాత్రం ఎవరూ రాయడం లేదు. ఈమధ్య సూపర్ మార్కెట్లలో సోడియం తక్కువ ఉప్పు అని వస్తోంది, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్, వల్సార్టన్ లాంటివి వాడేవాళ్లకు అసలే ఒంట్లో పొటాషియం పెరిగే వీలుంటుంది, దాని మీద ఈ ఉప్పు, రోజూ రెండు కొబ్బరిబొండాలు తోడైతే గుండె లయే దెబ్బతినొచ్చు. మంచి చేస్తుందనుకుని పిల్లలే కొనిపెడుతున్నారు. డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడొద్దు.

ఇంట్లో ఈఎఫ్ కొలుచుకునే వీల్లేదు. కానీ బరువు చూసుకోవచ్చు. పొద్దున్నే లేచి, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు రోజూ ఒకే మిషన్ మీద బరువు చూసి క్యాలెండరు మీద రాసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరుతున్న నీరు. ఆయాసం ముదరకముందే డాక్టరుకు ఫోన్ చేస్తే నీరు పోయే మాత్ర డోసు సర్దుతారు, ఆసుపత్రిలో చేరే పని తప్పొచ్చు. నెలకోసారి ఎకో తీయమని వచ్చేవాళ్లను చూస్తుంటాను, ఆ డబ్బులో చిన్న భాగంతో బరువు చూసే మిషన్ కొనుక్కుంటే ఎంతో మేలు.

బాలింతల గురించి రెండు మాటలు. నెలలు నిండాకో, కాన్పయిన అయిదు నెలల్లోపో కొందరిలో గుండె పంపింగ్ ఉన్నట్టుండి పడిపోతుంది. పడుకుంటే ఆయాసం, దగ్గు, కాళ్ల వాపు వస్తాయి. బాలింతకు నీరసం మామూలే అని, బాలింత పథ్యం అని ఇంట్లోనే ఉంచేస్తారు. పడుకుంటే ఊపిరాడటం లేదని బాలింత అంటే ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎకో తీయాలి. త్వరగా పట్టుకుంటే చాలామందిలో గుండె తిరిగి కోలుకుంటుంది. అయితే మళ్లీ గర్భం దాల్చే ముందు గుండె డాక్టరును అడగకుండా ఉండకూడదు, ఈ మాట అత్తగారికీ భర్తకూ కూడా చెప్పాలి. క్యాన్సరుకు కొన్ని మందులు వాడేవాళ్లకు ముందూ మధ్యలోనూ ఎకో తీసేది కూడా గుండె పంపింగ్ తగ్గుతోందేమో కనిపెట్టడానికే, అనవసరపు పరీక్ష అని మానుకోవద్దు.

"ఈఎఫ్ పెంచే కషాయం" అని వీడియోలు తిరుగుతున్నాయి. మద్దిచెక్క అంటారు, వెల్లుల్లి నిమ్మరసం అంటారు, బ్లాకులన్నీ కరిగిపోతాయంటారు. తాగేవాళ్లు తాగుతారు, నేను ఆపలేను, కానీ దాన్ని నమ్మి మాత్రలు ఆపినవాళ్ల గుండె తర్వాత తెరమీద ఎలా ఉంటుందో చూసేది నేను. ఆ వీడియోలు చేసేవాళ్లు చూడరు.

మీ ద్వారా నేను అడిగేది రెండే. ఒకటి మీరు చేయగలిగింది, ఆరోగ్యం పేజీలో ఒక పూర్తి పేజీ దీనికి కేటాయించి గుండె డాక్టర్లతో రాయించండి, అంకెలు బొమ్మలతో సహా వేయండి, జనం కత్తిరించి ఫైలులో పెట్టుకుంటారు. రెండోది ప్రభుత్వాలు, ఆసుపత్రులు చేయాల్సింది. ఆరోగ్యశ్రీ వచ్చిన 2007 నుంచీ స్టెంట్లు, బైపాసులు పేదలకు అందాయి, అది చిన్న విషయం కాదు, ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ స్టెంటు పడిన మనిషి చేతికి వచ్చే రిపోర్టు ఇప్పటికీ మొత్తం ఇంగ్లీషులోనే ఉంటోంది, ఇంట్లో చదివి చెప్పేవాళ్లుంటే సరి, లేకపోతే బస్సులో పక్కన కూర్చున్న కుర్రాడు చెప్పిందే అర్థం. రిపోర్టు అంతా తెలుగులో రాయమని అడగడం లేదు, డాక్టర్లకు అది ఇంగ్లీషులోనే కావాలి. కింద అయిదారు వాక్యాలు తెలుగులో అచ్చువేయడానికి ఏ ఖర్చూ లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి పెడితే ప్రతి రిపోర్టులోనూ అదే వస్తుంది.

నేను అనుకుంటున్న వాక్యాలు ఇవి, డాక్టర్లు సరిచేసి ఎవరైనా వాడుకోవచ్చు:

"ఈఎఫ్ అంటే గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక దెబ్బకు బయటికి వెళ్లే శాతం. 55 నుంచి 70 ఉంటే సాధారణం, ఎవరికీ 100 ఉండదు. నాలుగైదు పాయింట్ల తేడా కొలతలో రావచ్చు. ఈ అంకె బాగున్నా ఆయాసం, కాళ్ల వాపు, ఛాతీ నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి. అంకె పెరిగిందని మందులు మీ అంతట మీరు ఆపవద్దు. తర్వాతి పరీక్షకు ఈ రిపోర్టు తీసుకురండి."

ఇట్లు,
ఒక ఎకో టెక్నీషియన్, ఒంగోలు